సంతాన రొట్టె ఫోటో: పేరు, ఊరు రాసి పంపమంటున్నారు. పంపొచ్చా?

కావలి_కుర్రోడు
అన్నలకీ అక్కలకీ నమస్కారం. జర్నలిజం డిప్లొమా చదువుతున్నాను. ఫోటోల వైపు వెళ్లాలని ఉంది. రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లి స్వర్ణాల చెరువు దగ్గర చాలా ఫోటోలు తీశాను. ఒకటి బాగా కుదిరింది. ఒకావిడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి కొంగు పట్టి సంతాన రొట్టె (పిల్లలు కావాలని మొక్కుకుని పట్టే రొట్టె) తీసుకుంటోంది. ఇచ్చే ఆవిడ చెయ్యి, గాజులు మాత్రమే ఫ్రేములో ఉన్నాయి. తీసుకునే ఆవిడ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

తీశాక దగ్గరికెళ్లి అడిగాను. పేరు, ఊరు చెప్పింది. పెళ్లయి ఎన్నేళ్లయిందో కూడా తనే చెప్పింది. "పేపర్లో పడుద్దా?" అని నవ్వింది. ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది. ఒక పేపర్లో జిల్లా పేజీ చూసే సార్‌కి చూపిస్తే "ఫోటో బాగుంది. పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి పిల్లల్లేరో రాసి పంపు" అన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

మా క్లాసులో ఎథిక్స్ అనగానే కెవిన్ కార్టర్ తీసిన రాబందు ఫోటో (సూడాన్‌లో ఆకలితో కూలబడిన బిడ్డ, వెనకాల రాబందు) చూపించి చర్చ పెడతారు. అందులోంచి దీనికి పనికొచ్చేది ఏముందో నాకు తెలియడం లేదు. ఇంకోటి, ఈ ఫీల్డులో డబ్బులు ఎట్టా వస్తాయో మాకు ఎవరూ చెప్పరు. అది కూడా చెప్పండి.

పెన్నా_గట్టు
ఫోటోని ఇక్కడ పెట్టకుండా మాటల్లో చెప్పి అడిగావు. సగం జవాబు నీకు తెలిసే ఉంది అబ్బయ్యా.

కార్టర్ ఫోటో న్యూయార్క్ టైమ్స్‌లో పడింది 1993 మార్చిలో. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది, కొద్ది నెలలకే ఆయన ప్రాణం తీసుకున్నాడు. దాని మీద క్లాసుల్లో ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే, కెమెరా పక్కన పడేసి బిడ్డను ఎత్తుకోవాలా వద్దా అని. మంచి ప్రశ్నే. కానీ నేను ఇన్నేళ్లు నెల్లూరులో పని చేసి ఆ ప్రశ్న ఎదురుపడిన రోజులు చాలా తక్కువ. మనకి రోజూ ఎదురయ్యేది వేరు. ఆ పేపరు చదివినవాళ్లకీ ఆ బిడ్డకీ మధ్య సముద్రాలున్నాయి. సూడాన్‌లో ఆ ఊళ్లో ఎవరూ ఆ పేపరు చూసి ఉండరు. నీ ఫోటో పడేది జిల్లా పేజీలో. తెల్లారేసరికి ఆవిడ ఊరి టీ బంకులో బల్ల మీద ఉంటుంది. మన పనిలో పాఠకుడూ ఫోటోలో మనిషీ ఒకే సంతలో కూరగాయలు కొంటారు. పుస్తకాలు రాసేవాళ్లు దీని గురించి పెద్దగా రాయరు, వాళ్లు ఢిల్లీలోనో న్యూయార్క్‌లోనో ఉంటారు కాబట్టి.

నువ్వు చెప్పిన ఫోటోలో తప్పేమీ లేదు. కళ్లు మూసుకుని రొట్టె పడుతున్న మనిషి, అంతే. కింద మీ సార్ అడిగిన లైను రాసిన మరుక్షణం అది వేరే ఫోటో అయిపోతుంది.

దర్గామిట్ట_వాసి
పండగ గురించి తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో జరుగుతుంది. హిందువులూ ముస్లిములూ అని తేడా లేదు, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కోరిక ఉన్నవాళ్లు ఆ పేరు మీద రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతిల్లు రొట్టె, ఇట్టా. కోరిక తీరినవాళ్లు తర్వాత వచ్చి అదే పేరు మీద రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. "సంతాన రొట్టె ఎవరికి కావాలా" అని నీళ్లలో నిలబడి కేకేస్తారు. అడిగినవాళ్లు వచ్చి అందుకుంటారు.

ఉద్యోగం రొట్టె అందుకున్న కుర్రాడి పేరు వేస్తే వాడికి పోయేదేమీ లేదు, స్నేహితులు పార్టీ అడుగుతారు. సంతాన రొట్టె, పెళ్లి రొట్టె అట్టా కాదు. నలుగురిలో కేకేసి ఇచ్చేదే కదా అంటారేమో. చెరువులో ఉన్న నలుగురూ ఏదో ఒక రొట్టె కోసం వచ్చినవాళ్లే, ఒకరినొకరు ఎగతాళి చెయ్యరు. పేపరు చదివేవాళ్లు చెరువులోకి దిగినవాళ్లు కాదు.

పనిలో పనిగా ఇంకో మాట. గట్టు మీద కూర్చుని పెద్ద జూమ్ లెన్సులు వేసుకుని తడిసిన చీరల్లో ఉన్న ఆడవాళ్ల ఫోటోలు లాగే బ్యాచ్ ఒకటి ప్రతిసారీ వస్తుంది. వాళ్లలో మెళ్లో ప్రెస్ కార్డు ఉన్నవాళ్లూ ఉంటారు. మా ఇంట్లో ఆడవాళ్లు కెమెరా కనపడగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. ఆ కొంగును కూడా ఫోటో తీసి "భక్తి పారవశ్యం" అని రాసినవాళ్లు ఉన్నారు!

చీమకుర్తి_రాయి
నాకు ఈ వాదన నచ్చలేదు. ఆవిడ చదువుకున్నదో లేదో గానీ పెద్దమనిషి. అడిగితే చెప్పింది, నవ్వింది, నంబరు ఇచ్చింది. ఆవిడ తరఫున సిగ్గుపడడానికి మనమెవరం? పిల్లల్లేకపోవడం తప్పు అన్నట్టు దాచేది మనమే, ఆవిడ కాదు. ముఖాలు లేని చేతుల ఫోటోలు, వెనక నుంచి నీడలు... ఇట్టా తీస్తూ పోతే జిల్లాలో మనుషులే కనపడరు.

నాది స్టూడియో. పెళ్లిళ్లు, గ్రానైట్ క్వారీల వాళ్ల ఫంక్షన్లు చేస్తాను, అప్పుడప్పుడూ పేపర్లకి ఇస్తాను. నా అనుభవంలో పేపర్లో ఫోటో పడితే కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకునేవాళ్లే ఎక్కువ.

ఒంగోలు_అక్క
@చీమకుర్తి_రాయి గారూ, మీ మాటలో నిజం ఉంది. నేనూ చేతుల ఫోటోలకి పెద్ద అభిమానిని కాను. కానీ ఒప్పుకోలు అనేదాన్ని మీరు చాలా తేలిగ్గా తీసేశారు. నేను ఫ్రీలాన్సర్‌ని, ఆడవాళ్ల కథలే ఎక్కువ చేస్తాను. ఎవరైనా సరే అన్నప్పుడు నేను చూసుకునేవి కొన్ని ఉన్నాయి.

పక్కన ఎవరున్నారు? అత్తగారో భర్తో ఉంటే సరే అన్నది ఆవిడో కాదో తెలియదు. ఎప్పుడు అడిగాం? మొక్కు తీర్చుకున్న ఊపులో, నీళ్లలో తడిసి, గుండె నిండా ఆశతో ఉన్న నిమిషంలో ఎవరు ఏది అడిగినా చెప్పేస్తారు. ఇంటికెళ్లి వంట చేసుకుంటున్నప్పుడు అదే ప్రశ్నకి జవాబు మారొచ్చు. ఇక అసలైనది, దేనికి సరే అంది? "పేపర్లో ఫోటో పడుద్దా" అంటే ఫోటోకి సరే అన్నట్టు. "ఎన్నేళ్ల నుంచి పిల్లల్లేరు" అనే లైనుకి సరే అన్నట్టు కాదు. ఆ లైను ఆవిడకి చదివి వినిపించావా తమ్ముడూ?

నాపామ్ (ఒంటికి అంటుకుని మండే బాంబు) దాడి నుంచి బట్టల్లేకుండా పరుగెత్తుకొస్తున్న వియత్నాం పాప ఫోటో మీ క్లాసులో చూపించే ఉంటారు. 1972 జూన్ 8న తీసింది. ఆ పాప కిమ్ ఫుక్ పెద్దదయ్యాక, చిన్నప్పుడు ఆ ఫోటో అంటే తనకి ఎంత అసహ్యంగా ఉండేదో తనే రాసింది. తర్వాత మనసు మార్చుకుని శాంతి కోసం తిరిగింది, అది వేరే సంగతి. యుద్ధం మీద జనం ఆలోచన మార్చిన ఫోటో అని మనం మెచ్చుకుంటాం, అవును. ఆ పిల్ల మాత్రం దానితో బతకాల్సి వచ్చింది. అంత గొప్ప ఫోటో విషయంలోనే అట్టా ఉంటే, జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల ఫోటో కోసం ఒక మనిషిని జీవితాంతం "ఆ పేపర్లో పడినావిడ" చెయ్యాలా?

ఆ ఫోటో ఎవరు తీశారనే దాని మీద ఇప్పుడు గొడవ నడుస్తోంది తెలుసుగా. యాభై ఏళ్లుగా నిక్ ఊట్ పేరు. అది ఒక స్ట్రింగరు (జీతం లేకుండా, ఇచ్చిన ఫోటోకే డబ్బులు తీసుకునేవాడు) తీసి ఉండొచ్చని అనుమానాలు వచ్చాక 2025 మేలో వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ ఆయన పేరును పక్కన పెట్టింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ మాత్రం ఆయన పేరే ఉంచింది. స్ట్రింగర్ల ఫోటోలకి పేర్లు ఎట్టా పోతాయో చెప్పడానికి ఇది చాలు. డబ్బుల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి.

డెస్క్_నైట్‌షిఫ్టు
పేపర్లో ఏది వెయ్యాలో చూసే డెస్క్ వాళ్లని విలన్లు చెయ్యకండి బాబూ. నేను ఆ కుర్చీలోనే కూర్చుంటాను, ఈ పేపరు కాదులెండి. రాత్రి తొమ్మిదికి మా ముందు యాభై ఫోటోలు ఉంటాయి. అందులో నలభై ఒకే ఫోటో: చెరువు, జనం, రొట్టెలు. మీ ఫోటో కింద పేరు లేకపోతే "ఓ మహిళ" అని రాయాలి. "ఓ మహిళ" అంటే ఎవరూ కాదు. పేరు, ఊరు అడగడం మా పనిలో మొదటి పాఠం. పేరు లేని ఫోటో నిజమో కాదో కూడా మాకు తెలియదు.

ఎన్నేళ్లుగా పిల్లల్లేరో రాయమనడం మాత్రం అనవసరం. అది వార్త కాదు, ఆరా.

వేయకూడనివి మేమూ ఆపుతాం. 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయిన రాత్రి ఈ జిల్లాల డెస్కుల్లో పనిచేసినవాళ్లని అడగండి, వచ్చిన ఫోటోల్లో ఎన్ని వేయగలిగినవో. అప్పటికే అవన్నీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. అందరి ఫోన్లలో ఉన్నదాన్ని మనం ఆపి ఏం లాభం అనే వాదన ఆ రాత్రి మా దగ్గరా వచ్చింది. ఆపాం. లాభం ఉందో లేదో తెలియదు, ఆ ఇళ్లకి కూడా మా పేపరు వెళ్తుంది.

కనిగిరి_నీళ్లు
నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, టీచర్‌ని. ఫోటోలు తీయించుకునే ఊరివాణ్ణి. అటు వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలని రాస్తున్నాను.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నడుం వంగిపోయినవాళ్లు, కాళ్లు వంకర తిరిగినవాళ్లు. కెమెరా వేసుకుని వచ్చే ప్రతి ఒక్కరూ ఊళ్లో అదే నలుగురైదుగురి ఇళ్లకి వెళ్తారు, ఎందుకంటే వాళ్లవే ఎక్కువ వంకర. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. బండి ఆగిన చప్పుడు వినగానే చొక్కా విప్పి గుమ్మంలో కూర్చునేవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఏ కోణంలో కూర్చుంటే ఎముకలు బాగా కనపడతాయో ఆయనకి తెలుసు. ఒకసారి ఒక అబ్బాయి "తాతా, చొక్కా వేసుకోండి, మీరు చుట్ట కాలుస్తుంటే తీసుకుంటాను" అన్నాడు. పెద్దాయన కాసేపు ఆ అబ్బాయి వంక చూసి లోపలికెళ్లి ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఆ ఫోటో ఎక్కడైనా పడిందో లేదో నాకు తెలియదు. ప్రింటు మాత్రం తెచ్చి ఇచ్చాడు. ఆయన పోయినప్పుడు దండ వేసింది దానికే.

వంకర కాళ్లు తీయొద్దని నేను అనడం లేదు. ఆ ఫోటోలు లేకపోతే మా గోడు అసెంబ్లీ దాకా వెళ్లేది కాదు. నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, అన్నేళ్లలో ఎవరూ బోరు దగ్గర నీళ్ల పరీక్షని తీయలేదు, ట్యాంకరు కోసం నిలబడిన లైను తీయలేదు, బిగించి వదిలేసిన ఫిల్టరు ప్లాంటు తీయలేదు. మనిషి వంకర తీసినంత సులువు కాదు ఒక పథకం వంకర తీయడం.

పెన్నా_గట్టు
@కనిగిరి_నీళ్లు మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

దీనికి తోడుగా ఇంకో జబ్బు ఉంది, నటింపజేయడం. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం వంక చూసే రైతు ఫోటో చూశారుగా? ఏ రైతూ అట్టా చూడడు. వాన రాకపోతే ఆయన చూసేది ఫోను, లేకపోతే బోరు. ఆ చెయ్యి నుదుటి మీద పెట్టించేది మనమే. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్లు వదిలి పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తలమీద మూట పెట్టుకుని నీళ్లు దాటి వచ్చిన ముసలావిడని ఒక వీడియో కుర్రాడు "అవ్వా, ఇంకొక్కసారి దాటవా, ఫోకస్ పోయింది" అన్నాడు. ఆవిడ మళ్లీ దిగబోతుంటే పక్కనున్న కానిస్టేబుల్ తిట్టాడు. అవ్వని కాదు, మమ్మల్నందర్నీ.

2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి రౌండ్ల దాకా వచ్చినవాటిలో దాదాపు అయిదో వంతు ఫోటోలని దిద్దుబాట్లు ఎక్కువయ్యాయని తీసేశారు. అదే ఏడాది ఒకాయనకి ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకున్నారు. బెల్జియంలో ఒక ఊరి పేరు చెప్పి వేరే ఊళ్లో తీసిన ఫోటో పెట్టినందుకు. ఫోటో మార్చలేదు, క్యాప్షన్ అబద్ధం. అక్కడ దానికి బహుమతి పోయింది. ఇక్కడ పోయిన ఏడాది ఎండిన చెరువు ఫోటోని ఈ ఏడాది వేస్తే ఎవరూ ఏమీ అనరు.

పలకల_ఊరు
ఇక డబ్బుల సంగతి నేను చెప్తాను, ఎవరూ నోరు విప్పేట్టు లేరు. మార్కాపురం వైపు స్ట్రింగర్‌ని. తమ్ముడూ, ముందే చెప్తున్నా, జిల్లాలో ఉండి ఫోటోల మీదే బతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. స్టాఫ్ ఫోటోగ్రాఫర్ ఉద్యోగాలు జిల్లా కేంద్రంలో పేపరుకి ఒకటి ఉంటే గొప్ప. చాలా చోట్ల ఆ ఒక్కటీ తీసేసి విలేకరి ఫోనుతోనే సరిపెడుతున్నారు. మాలాంటి వాళ్లకి పడిన వార్తకి, పడిన ఫోటోకి లెక్క కట్టి నెలాఖరుకి ఇస్తారు. బండి పెట్రోలుకి సరిపోతే సంతోషం. పైగా ఆగస్టు 15, సంక్రాంతి, ఉగాది వస్తే యాడ్స్ టార్గెట్. ఏ నాయకుడి మీద వార్త రాయాలో ఆ నాయకుడి దగ్గరికే శుభాకాంక్షల యాడ్ అడగడానికి వెళ్లాలి. ఎథిక్స్ క్లాసులో ఇది చెప్పరు. ప్రెస్ మీట్లో ఇచ్చే డబ్బుల కవర్ల గురించి మొదలుపెడితే ఇక్కడ సగం మంది నాకు శత్రువులు అవుతారు, వదిలేయండి.

పొద్దున ఒక నాయకుడి పుట్టినరోజుకి డబ్బులు తీసుకుని ఫోటోలు తీసి, సాయంత్రం అదే ఫోటోలు పేపరుకి "వార్త"గా పంపేవాళ్లని నేను తప్పు పట్టలేను, వాళ్లకీ ఇల్లుంది. అయితే ఆ ఫోటో ఎవరి డబ్బుతో తీసిందో డెస్కుకి చెప్పాలి. ఎవరూ చెప్పరు.

నాకు ఇంతకంటే మంట ఇంకోటి. మండల ప్రెస్ వాట్సాప్ గ్రూపు. ఒకడు ఎండలో వెళ్లి తీస్తాడు, గ్రూపులో పడేస్తాడు, తెల్లారేసరికి నాలుగు పేపర్లలో అదే ఫోటో, ఒక్కదాంట్లో కూడా పేరు ఉండదు. తీసినవాడి పేపర్లోనే ఒక్కోసారి పడదు!

చీమకుర్తి_రాయి
హహ, ఇది మాత్రం నిజం. అందుకే నేను పెళ్లిళ్లు వదలను. ముహూర్తాల సీజన్లో వచ్చిందే ఏడాదంతా తిండి. పేపరు ఫోటో కళ కోసం, పెళ్లి ఫోటో కరెంటు బిల్లు కోసం.

లా_పాయింట్
గ్రూపు సంగతి వచ్చింది కాబట్టి చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాను. నెల్లూరులో ప్రాక్టీసు. ఇది ఫీజు లేని సలహా, కాబట్టి అంతే విలువ ఇవ్వండి.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఫోటో హక్కు మొదట తీసినవాడిదే. మినహాయింపులు ఉన్నాయి. పేపర్లో ఉద్యోగిగా ఉండి ఆ పనిలో భాగంగా తీస్తే, పత్రికలో ప్రచురించే హక్కు యజమానిది. ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాళ్లది. రాయి గారూ, మీ పెళ్లి ఆల్బమ్‌లు ఇందులోకే వస్తాయి. పెళ్లికూతురి ఫోటోని అడక్కుండా స్టూడియో ఫ్లెక్సీ మీద వేసుకునేవాళ్లు కాస్త చూసుకోవాలి. స్ట్రింగరు ఉద్యోగి కాడు, నియామక పత్రం ఉండదు కాబట్టి హక్కు సాధారణంగా అతనిదే. రాసిచ్చిన కాగితం ఏదైనా ఉంటే అందులో ఏముందో చదవాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్లు అని సెక్షన్ 19 చెబుతోంది. గ్రూపులో పడేస్తే హక్కు పోదు. కానీ నిరూపించుకోవాలంటే ఒరిజినల్ ఫైలు మీ దగ్గర ఉండాలి.

పిల్లల ఫోటోల దగ్గర మాత్రం వాదనలకి తావు లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 23 కింద బాధిత పిల్లల పేరు, ఫోటో ఒక్కటే కాదు, ఇల్లు, బడి, కుటుంబం, వీధి, ఇంకా గుర్తుపట్టేందుకు వీలిచ్చే ఏ వివరమూ వెయ్యకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ముఖం బ్లర్ చేసి వెనక ఊరి బడి బోర్డు కనపడేలా వేసినవి చూశాను. చిన్న ఊళ్లో బోర్డు కూడా అక్కర్లేదు, గేటు రంగు చాలు. అత్యాచార బాధితుల విషయంలో పాత ఐపీసీ 228ఏ స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది.

ఈ కుర్రాడి ప్రశ్నకి చట్టంలో జవాబు లేదు. బహిరంగ స్థలం, ఆవిడ మైనరు కాదు, ఒప్పుకుంది. ఏ కోర్టూ తప్పు పట్టదు. అందుకే ఇన్ని పోస్టులు.

కావలి_కుర్రోడు
ఇంతమంది రాస్తారనుకోలేదు. అక్కా, నిజంగానే ఆ లైను నేను ఆవిడకి చదివి వినిపించలేదు. అప్పటికి ఆ లైను రాయనే లేదు. రేపు ఫోన్ చేస్తాను.

ఈలోగా ఫోటోల గురించి ఒక డౌటు. నా దగ్గర పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్సు, 50 ఎం.ఎం. 1.8 లెన్సు ఉన్నాయి. చెరువులో తీసిన వాటిలో సగం ముఖాలు నల్లగా వచ్చాయి. దూరం నుంచి తీసే 70-200 జూమ్ లెన్సు కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఈఎంఐ మీద కొననా?

పెన్నా_గట్టు
అప్పు చేసి లెన్సు కొనొద్దు. ముఖాలు నల్లబడింది లెన్సు వల్ల కాదు. నీళ్ల మెరుపు చూసి కెమెరా మీటరు ఫ్రేమంతా వెలుతురే అనుకుంటుంది, అంతటినీ తగ్గిస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుతురు పెంచే సెట్టింగు) ప్లస్ ఒకటి పెట్టు, లేదా స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుతురే కొలిచేది) ముఖం మీద పెట్టు. నీళ్లు తెల్లగా కాలిపోతే పోనీ, ముఖం ముఖ్యం. పొద్దున్నే వెళ్లి సూర్యుడు పక్క నుంచి వచ్చే చోట నిలబడితే ఈ తిప్పలే ఉండవు. జనం కదులుతుంటారు కాబట్టి షట్టరు వేగం 1/500 సెకనుకి తగ్గకుండా చూసుకో.

50 చాలు. నీ బాడీ మీద అది 75, 80 ఎం.ఎం. లాగా పనిచేస్తుంది. మనిషి దగ్గరికి వెళ్లక తప్పదు, వెళ్తే మాట్లాడక తప్పదు. 70-200 ఉంటే గట్టు మీద నుంచే పని అయిపోతుంది. దర్గామిట్ట ఆయన చెప్పిన బ్యాచ్‌లో నువ్వూ ఒకడివి అయిపోతావు. క్రికెట్ మ్యాచ్‌లు, రాజకీయ సభలు తీయాల్సి వస్తే అప్పుడు అద్దెకి తెచ్చుకో.

ఒకే ఫ్రేము కోసం కూర్చోకు. వెడల్పుగా చెరువు ఒకటి, మధ్యస్తంగా ఇద్దరు మనుషులు, దగ్గరగా చేతులు, ఆ తర్వాత ఇంటికి వెళ్లేటప్పుడు కవర్లో రొట్టెలు చుట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఆ చివరిది ఎవరూ తీయరు, నాకు మాత్రం అదే ఇష్టం.

డెస్క్_నైట్‌షిఫ్టు
దీనికి నావి రెండు మాటలు. ఫోటోని వాట్సాప్‌లో ఫోటోలా పంపకు, డాక్యుమెంట్‌గా పంపు. ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫైల్లో రాసుకున్న నీ పేరు, క్యాప్షన్ కూడా ఊడిపోతాయి. ఐపీటీసీ అని ఫైల్లోనే రాసుకునే చోటు ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏం జరుగుతోంది, తీసింది ఎవరు, అన్నీ అందులోనే నింపు. వాట్సాప్ మెసేజ్‌లో రాసిన పేరు రాత్రి పన్నెండింటికి పేజీ పెట్టే మనిషి దాకా రాదు. రంగులు ఎక్కువ లాగకు. రాయిటర్స్ వాళ్లు 2015లోనే ఫ్రీలాన్సర్లని రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలు) నుంచి తీసినవి వద్దు, కెమెరాలోంచి వచ్చిన జేపెగ్ పంపండి అన్నారు. నీ ఫోన్లో ఆకాశం మార్చే బటన్ ఉంటే దాన్ని అసలు ముట్టుకోకు.

దర్గామిట్ట_వాసి
ఇంకో మాట చెప్పడం మర్చిపోయాను. అందరూ తీసుకునేవాళ్లనే తీస్తారు. ఇచ్చేవాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు. సంతాన రొట్టె ఇవ్వడానికి వచ్చినావిడ చంకలో బిడ్డ ఉంటుంది కదా. నువ్వు అడగాల్సిన పని కూడా లేదు, పేరు, ఊరు, బిడ్డ పేరు, ఏ ఏడు రొట్టె తీసుకుందో అంతా తనే గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. నీ ఫ్రేములో గాజుల చెయ్యి ఆవిడదే.

ఒంగోలు_అక్క
ఇదీ మాట! బిడ్డ ఫోటో వేసేటప్పుడు కూడా తల్లిని అడుగు తమ్ముడూ, సంతోషంలో ఉంది కదా అని వదిలెయ్యకు.

కావలి_కుర్రోడు
ఫోన్ చేశాను. ముందు వాళ్ల ఆయన ఎత్తారు, తర్వాత ఆవిడకి ఇచ్చారు. క్యాప్షన్ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "ఫోటో వేసుకో అయ్యా, పిల్లల మాట వద్దు, ఊరూ పేరూ వద్దు" అంది. తర్వాత "నాకు ఒకటి ప్రింటు పంపుతావా" అంది. అడ్రస్ తీసుకున్నాను.

సార్‌కి చెబితే పేరు లేకపోతే వేయలేం అన్నారు. దర్గామిట్ట అన్న చెప్పినట్టు గాజుల చేతి ఆవిడ కోసం ఫైళ్లన్నీ వెతికితే వెనకాల ఇంకో ఫ్రేములో బిడ్డతో దొరికింది, కానీ పేరు రాసుకోలేదు. నేను పంపినవేవీ పడలేదు. పేపర్లో పడింది మాత్రం ఒక నాయకుడు రొట్టె పట్టుకుని కెమెరా వంక చూస్తున్నది. అది ఆయన పీఆర్వో పంపింది.

పలకల_ఊరు
😂 ఫీల్డులోకి స్వాగతం తమ్ముడూ.

డెస్క్_నైట్‌షిఫ్టు
నవ్వకండి. పీఆర్వో ఫోటో రాత్రి ఎనిమిదింటికే పేరు, హోదా, అక్షర దోషాల్లేని క్యాప్షన్‌తో వచ్చేసి ఉంటుంది. కుర్రాడిది అర్ధరాత్రి దాకా ఫోన్లలో నలిగింది. పేజీ ఎవరి కోసమూ ఆగదు. వచ్చే ఏడు ఇచ్చేవాళ్ల కథ ఒకటి నాలుగు ఫోటోలతో ముందే తయారు చేసుకుని, పండక్కి వారం ముందు ఆదివారం పేజీ వాళ్లతో మాట్లాడు. పండగ రోజు ఎవరికీ ఖాళీ ఉండదు.

పెన్నా_గట్టు
పేరు రాసుకోకుండా వచ్చిన ఆ గాజుల చెయ్యి ఆవిడ మళ్లీ దొరకడం కష్టమే. పై జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో, చెరువులోకి దిగితే ఫోను తడుస్తుంది. ప్రింటు కావలి స్టూడియోల్లో వెయ్యించకు, రంగులు పోతాయి. నెల్లూరు వచ్చినప్పుడు ఫైలు తీసుకురా, నేను వేయిస్తాను. 8x12 మ్యాట్. ఆవిడకి పోస్టులో పంపేటప్పుడు అట్ట పెట్టు, మడత పడుతుంది.